ఇకెబానా నేర్చుకోవాలనుంటే ఏది ఎంచుకోవాలి? ఇకెనోబో, ఒహారా, సోగెత్సు, చబానా

వంపు తిరిగిన ఒక కొమ్మ, దాని పాదం దగ్గర రెండు పూలు, మిగతాదంతా ఖాళీ. ఇలాంటి ఫోటో ఒకటి చూసి, ఇది నేర్చుకోవాలని మనసు పడినవాళ్లు చాలామంది. తీరా వెతకడం మొదలుపెడితే పేర్ల వరద. ఇకెబానా అంటే జపాన్ వాళ్ల పూల అమరిక కళ. అక్కడ దాని శాఖలు వందల్లో ఉన్నాయి. ఒక్కో శాఖకు ఒక పీఠాధిపతి, సొంత పాఠాలు, సొంత కొలతలు, సొంత సర్టిఫికెట్లు. వాటిలో బయటి దేశాల వాళ్లకు ఎక్కువగా అందుబాటులో ఉన్నవి మూడు: ఇకెనోబో, ఒహారా, సోగెత్సు. వీటి పక్కనే, శాఖ అని పిలవలేని చబానా ఉంది. టీ గదిలో పెట్టే పువ్వు అది. ఈ నాలుగింటి మధ్య ఎటు వెళ్లాలో తేలక ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను మొదట ఒహారా నేర్చుకున్నాను. మూడేళ్ల తర్వాత ఇకెనోబో క్లాసులకు మారాను. ఇప్పుడు నా మనసు ఎటు ఉందో రాస్తూ పోతుంటే ఎలాగూ బయటపడుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

## పోల్చే ముందు ఏం చూడాలి

ఫోటోలు చూసి ఎంచుకోవద్దని నా మొదటి మాట. నెట్‌లో కనిపించేవి చాలావరకు ఇరవై, ముప్పై ఏళ్లు సాధన చేసినవాళ్ల పనులు. ఏ శాఖలోనైనా మీరు మొదటి ఏడాది చేసేది అలా ఉండదు. అందుకే ఆ మొదటి ఏడాది ఎలా గడుస్తుందో చూసి నిర్ణయించుకోండి.

నా లెక్కలో చూడాల్సినవి ఇవి. మీకు ఎంత ఖాళీ కావాలి? ఇకెబానా అంతా పొదుపే అనుకోవడం పొరపాటు. పది రకాల మొక్కలతో నిండుగా, మనిషి ఎత్తున నిలబెట్టే అమరికలు కూడా ఇకెబానాలోనే ఉన్నాయి. రెండోది, ఒకే ఆకారాన్ని ఎన్నిసార్లు చేయగలరు? మూడోది, మీ ఊళ్లో ఏ కొమ్మలు, ఏ పూలు దొరుకుతాయి? నాలుగోది, దగ్గర్లో గురువు ఉన్నారా? చివరిది ఖర్చు. క్లాసు ఫీజు, వారం వారం కొనే పూలు, పై మెట్టుకు వెళ్లిన కొద్దీ జపాన్‌లోని కేంద్రానికి కట్టే సర్టిఫికెట్ రుసుము, ఈ మూడూ వేరువేరు. మొదటి రెండూ అందరూ లెక్క వేసుకుంటారు, మూడోది మాత్రం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ అయిదింటిలో దేనికి ఎక్కువ బరువివ్వాలి అంటే, నేను గురువుకే ఇస్తాను. ఎందుకో తర్వాత చెబుతాను.

## ఇకెనోబో: ఒకే చోటు నుంచి లేచే కాడలు

క్యోటో నడిబొడ్డున రొక్కకుదో అనే బౌద్ధాలయం ఉంది. ఆరు మూలల గుడి అని ఆ పేరుకు అర్థం. దాని పక్కన చెరువు, చెరువు గట్టున పూజారుల కుటీరం ఉండేవి. ఇకెనోబో అంటే ‘చెరువు పక్క కుటీరం’ అనే. బుద్ధుడికి పూలు పెట్టడం ఆ పూజారుల పని. 1462లో సెన్‌కెయ్ అనే ఇకెనోబో పూజారి పెట్టిన పూలను చూడడానికి క్యోటో జనం పోటీ పడ్డారని ఒక బౌద్ధ భిక్షువు తన దినచర్యలో రాసుకున్నాడు. ఇకెబానా చరిత్రను అక్కడి నుంచే లెక్కపెడతారు. ఇప్పటి పీఠాధిపతి 45వ తరం. దేవుడికి పెట్టే పువ్వు కళగా మారడం మనకేమీ కొత్త సంగతి కాదు కాబట్టి, ఈ శాఖ పుట్టుక మనకు తొందరగా అర్థమవుతుంది.

ఇక్కడ ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. ‘రిక్కా’ అన్నిటికన్నా పాతది, నిండైనది. తొమ్మిది ముఖ్య భాగాలతో ఒక కొండ ప్రాంతాన్నే కుండీలో నిలబెట్టినట్టు ఉంటుంది. ‘షోకా’ 18వ శతాబ్దంలో స్థిరపడింది. అందులో మూడే భాగాలు: అన్నిటికన్నా పొడవైన షిన్, దానికి తోడుగా సోయె, అన్నిటికన్నా పొట్టి తాయ్. మూడోది స్వేచ్ఛా శైలి.

పొదుపు కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఆగాల్సిన చోటు షోకా. ఎన్ని కాడలు వాడినా అవన్నీ నీటి నుంచి ఒకే కాండంలా లేవాలి. నీటిని దాటి కొంత ఎత్తు వచ్చేవరకు ముందు నుంచి చూస్తే ఒక్క గీతే కనబడాలి. ఆ తర్వాతే విడిపోవాలి. షిన్ పొడవులో సోయె మూడింట రెండు వంతులు, తాయ్ మూడింట ఒక వంతు. ఒకే రకం మొక్కతో చేసే షోకా కూడా ఉంది. మొదటి రోజుల్లో చాలామందికి ఇచ్చేది ‘హరాన్’ అనే వెడల్పాటి ఆకులు మాత్రమే. పువ్వు అసలు ఉండదు. ఆకు ముఖం ఎటు, వెన్ను ఎటు, ఎండ ఏ వైపు నుంచి వస్తే అది అలా వంగుతుంది అని చూస్తూ కూర్చోవాలి. మొదటి నెల నాకు విసుగొచ్చింది. రెండో నెలలో ఇంటి ముందు అరటి ఆకు ఏ వైపుకు తిరిగి ఉందో నడుస్తూ నడుస్తూ చూడడం మొదలుపెట్టాను. ఆ చూపు నాకు ఒహారాలో మూడేళ్లున్నా రాలేదు. అందుకే మారాను, అందుకే ఇక్కడే ఉండిపోయాను.

తామరతో మాత్రమే చేసే అమరిక ఇకెనోబోకు ప్రత్యేకం. గింజల కాయ గతం, విచ్చిన పువ్వు వర్తమానం, మొగ్గ భవిష్యత్తు. చిరిగిన ఆకును కూడా పారేయరు, దానికీ చోటుంటుంది. మన చెరువుల్లో తామరకు కొదవ లేదు. అయితే తామర కోసిన కాసేపటికే వాడిపోతుంది. నీళ్లలో ముంచి కోయడం, కాడలోకి నీళ్లు ఎక్కించడం గురువు దగ్గరుండి చూపించాల్సిన పనులు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మెట్లు చాలా ఉంటాయి, నెమ్మదిగా ఎక్కాలి. నాకు నచ్చినట్టు పెట్టుకుంటాను అనే మనిషికి ఊపిరాడదు. 1977లో ‘షోకా షింపుతాయ్’ అనే కొత్త రూపం తెచ్చి కొలతల బిగువు సడలించారు కానీ, అక్కడికి చేరాలంటే ముందు పాత షోకా చేతికి రావాలి.

## ఒహారా: వెడల్పాటి పళ్లెంలో నీళ్లు, రుతువు

మెయిజీ చక్రవర్తి కాలంలో (1868–1912) జపాన్‌కు పాశ్చాత్య పూలు రావడం మొదలైంది. రంగు ఎక్కువ, కాడ పొట్టి. పాత పద్ధతుల్లో వాటికి చోటు లేదు. ఇకెనోబోలో నేర్చుకున్న ఒహారా ఉన్షిన్ వాటి కోసం ఒక దారి వెతికాడు. సుయిబాన్ అనే వెడల్పాటి లోతులేని పాత్రలో, కెంజాన్ అనే ముళ్ల దిమ్మ మీద పూలను పరిచినట్టు పెట్టే ‘మోరిబానా’ అలా వచ్చింది. పేరుకు అర్థం పోగు చేసిన పూలు. ఒహారా శాఖ తన పుట్టుకను 1895 నుంచి లెక్కపెట్టుకుంటుంది.

నాలుగింటిలో కొత్తవాళ్లను చేయి పట్టుకుని నడిపించేది ఇదే. మొదట ‘హనా ఇషో’ అనే తేలిక రూపాలు నేర్పుతారు. నిలువుగా లేచేది, పక్కకు వాలేది, ఇలా. మొదటి క్లాసులోనే చూడముచ్చటైన పని ఇంటికి తీసుకెళ్తారు. తర్వాత ప్రకృతి దృశ్యాల మోరిబానా వస్తుంది. పాత్రలోని నీళ్లే చెరువు, కొమ్మే గట్టు మీది చెట్టు, నాచు, గడ్డి అన్నీ తమ తమ చోట్ల. ఏ రుతువులో ఎన్ని నీళ్లు కనబడాలి అన్నది కూడా పాఠమే. వేసవిలో నీళ్లు ఎక్కువ కనబడేలా పెడితే చూసేవాళ్లకు చల్లగా అనిపిస్తుంది. మే నెలలో మనకు ఇంతకన్నా ఏం కావాలి!

పొదుపు విషయంలో మాత్రం ఒహారా అన్నిటికన్నా మెత్తన. పూలు ఎక్కువ పడతాయి, రంగులు ఎక్కువ కనబడతాయి. ఖాళీ అంటే మీకు గోడ లాంటి ఖాళీ కావాలంటే ఇది మీది కాదు. నీళ్ల రూపంలో ఉన్న ఖాళీ చాలంటే సరిగ్గా మీదే.

## సోగెత్సు: స్వేచ్ఛకు ముందు లెక్కలు

తేషిగహారా సోఫు ఇకెబానా గురువు కొడుకు. తండ్రి దారి నచ్చక 1927లో సొంత శాఖ పెట్టాడు. ఎవరైనా, ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏ వస్తువుతోనైనా ఇకెబానా చేయవచ్చు అన్నది సోగెత్సు మాట. యుద్ధం తర్వాత ఆయన తుప్పు పట్టిన ఇనుము, ఎండు మొద్దులు కూడా వాడాడు. ఆయన కొడుకు హిరోషి సినిమా దర్శకుడు. శాఖ పగ్గాలు చేపట్టాక గదులు నిండేంత వెదురు నిర్మాణాలు చేశాడు. 2001 నుంచి మనవరాలు అకానె నడుపుతున్నారు. టోక్యో అకాసాకాలోని సోగెత్సు భవనం వాస్తుశిల్పి కెంజో తాంగె కట్టింది. లోపల శిల్పి ఇసాము నొగుచి చేసిన రాతి తోట ఉంది. ఎప్పుడైనా టోక్యో వెళ్తే ఆ రాళ్ల మెట్ల మధ్య కాసేపు నిలబడి రండి.

ఇంత స్వేచ్ఛ గురించి విని చేరినవాళ్లు మొదటి రోజు ఉలిక్కిపడతారు. ఎందుకంటే పాఠం స్కేలుతో మొదలవుతుంది. పాత్ర వెడల్పు, ఎత్తు కలిపి దానికి ఒకటిన్నర రెట్లు తీసుకుంటే షిన్ పొడవు. పెద్దగా చేయాలంటే రెండు రెట్ల వరకు వెళ్లవచ్చు. షిన్‌లో ముప్పావు వంతు సోయె, సోయెలో ముప్పావు వంతు హికాయె అనే మూడో కొమ్మ. 30 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పళ్లెమైతే షిన్ 54, సోయె సుమారు 40, హికాయె సుమారు 30 సెంటీమీటర్లు. నిలువు రూపంలో షిన్ 10 నుంచి 15 డిగ్రీలు వాలాలి, సోయె 45, హికాయె 75. అంకెలతో పాఠం చెబితే తొందరగా ఎక్కేవాళ్లుంటారు. ఇంజనీరింగ్ చదివిన నా స్నేహితురాలికి ఈ పద్ధతి ఒక్క పూటలో అర్థమైంది. నేను వారం తలపట్టుకున్నాను.

కొలతలు దాటాక అసలు సోగెత్సు మొదలవుతుంది. గీతను మాత్రమే చూపించు, ఆకులతోనే చెయ్యి, రంగును వదిలెయ్యి, ఇలా ఒక్కో పాఠం ఒక్కో ప్రశ్న. ఇక్కడ మనవాళ్లకు పెద్ద లాభం ఉంది. జపాన్‌లో దొరికే పైన్, ప్లమ్ కొమ్మల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఎండిన కొబ్బరి మట్ట, తాటాకు, చింత కొమ్మ, దానిమ్మ కొమ్మ, అన్నీ పనికొస్తాయి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లి చూడండి. చామంతి, బంతి, గులాబీ రాశులు పోసి తూకంతో అమ్ముతారు. కొమ్మ కావాలంటే మాత్రం దొరకడం కష్టం. కొమ్మ మన పెరట్లోంచో, తెలిసినవాళ్ల తోటలోంచో రావాల్సిందే. అందుకే ఏ వస్తువైనా సరే అనే శాఖ మన ఊళ్లకు బాగా నప్పుతుంది. ఆకు మొక్కలు ఇంట్లోనే పెంచుకోవాలనుకుంటే కడియం నర్సరీల వైపు ఒకసారి వెళ్లి రండి.

కష్టం ఎక్కడంటే, స్వేచ్ఛ వచ్చాక చాలామంది వస్తువులు చేర్చుకుంటూ పోతారు. తీసేయమని చెప్పే గురువు లేకపోతే సోగెత్సు విద్యార్థి పని తొందరగా గజిబిజి అవుతుంది.

## చబానా: ఒక్క పువ్వు

పొదుపే మీ కోరికైతే, దానికి చివరి మెట్టు ఇది. టీ గదిలో అతిథుల కోసం పెట్టే పువ్వు చబానా. జపాన్ టీ గురువు సెన్ నో రిక్యూ (1522–1591) టీ పద్ధతికి చెప్పిన ఏడు సూత్రాల్లో ఒకటి, పూలు పొలంలో ఎలా ఉంటాయో అలా పెట్టు అన్నది. కెంజాన్ ఉండదు, కొలతలు ఉండవు, కోణాలు ఉండవు. చేతిలోనే సర్దుకుని పాత్రలోకి జారవిడవడమే. 1590లో ఓడవారా కోట ముట్టడి సమయంలో రిక్యూ వెదురు నరికి చేసిన పూల పాత్ర ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది. దానికి ముందువైపు పగులు ఉంది. ఆ పగులుతోనే దాన్ని ఇన్ని వందల ఏళ్లు దాచుకున్నారు.

నియమాలు లేవని కాదు. వాసన ఘాటుగా ఉన్న పూలు వద్దు, ఎందుకంటే గదిలో ధూపం ఉంటుంది. రిక్యూదని చెప్పుకునే ఒక పద్యంలో పెట్టకూడని పూల జాబితా ఉంది. అందులో కోడిజుట్టు పువ్వు కూడా ఒకటి. అది మన బతుకమ్మలో వరుసలు వరుసలుగా పేర్చే గునుగుకు దగ్గరి చుట్టం. ఒక చోట పండగకే ప్రాణమైన పువ్వు జాతి ఇంకో చోట గుమ్మం దాటదు. ఈ తేడా తెలిశాక రెండు పద్ధతుల మీదా నాకు గౌరవం పెరిగింది.

జపాన్ వేసవి చబానాకు ఇష్టమైన పువ్వు ముకుగె. అది మందార జాతిదే. పొద్దున విచ్చి ఆ రోజుతోనే అయిపోతుంది. మన పెరటి మందార కూడా అంతే కదా. పొద్దున ఒక మందార మొగ్గను రెండాకులతో కోసి, సన్నటి మూతి ఉన్న కూజాలో పెట్టి, కాసిని నీళ్లు చిలకరించి చూడండి. చబానా ఎందుకు అంత తక్కువతో సరిపెట్టుకుంటుందో ఆ రోజు సాయంత్రానికి తెలుస్తుంది.

చూడడానికి ఇదే అన్నిటికన్నా తేలిక, చేయడానికి ఇదే కష్టం. తప్పు దాచుకోవడానికి రెండో పువ్వు ఉండదు. పైగా చబానాను మామూలుగా టీ పద్ధతితో పాటే నేర్పుతారు. మన దగ్గర టీ గురువులు అరుదు. సర్టిఫికెట్ కావాలనుకునేవాళ్లు ఇటు రాకపోవడమే మంచిది.

## ఒక్క చూపులో

| | ఇకెనోబో (షోకా) | ఒహారా | సోగెత్సు | చబానా |
|---|---|---|---|---|
| మొదటి నెలలు | ఆకులు, ఒకే గీత | తేలిక రూపాలు | కొలతలు, కోణాలు | చూడడం, కోయడం |
| ఖాళీ | ఎక్కువ | తక్కువ, నీళ్ల రూపంలో | మీ చేతిలో | అన్నిటికన్నా ఎక్కువ |
| వారం పూల ఖర్చు | తక్కువ | కాస్త ఎక్కువ | పెరట్లో దొరికితే తక్కువ | దాదాపు ఏమీ ఉండదు |
| గురువు లేకుండా | వద్దు | కష్టం | కొంతవరకు | ఇంట్లో మొదలుపెట్టవచ్చు |

## క్లాసా, ఆన్‌లైనా, సొంతంగానా

గురువుకే ఎక్కువ బరువు అన్నాను కదా. ఇకెబానా క్లాసులో అసలు పాఠం చివరి పది నిమిషాల్లో జరుగుతుంది. మీరు పెట్టిన అమరిక ముందు గురువు కూర్చుని చూస్తారు. ఒక కొమ్మను కాస్త తిప్పుతారు, ఒక ఆకు తీసేస్తారు. ఒక్కోసారి మీరు ఎంతో ఇష్టపడి పెట్టిన పువ్వునే కోసేస్తారు. అప్పుడు గుండె చివుక్కుమంటుంది. ఒక్క అడుగు వెనక్కి వేసి చూస్తే మొత్తం అమరిక ఊపిరి తీసుకున్నట్టు కనబడుతుంది. ఆన్‌లైన్ క్లాసులో గురువు నోటితో చెప్పగలరు కానీ, కొమ్మ ఎంత తిరిగిందో ముందుకు, వెనక్కు ఎంత లోతు ఉందో స్క్రీన్ మీద సగమే తెలుస్తుంది. పై మెట్లలో ఆన్‌లైన్ పర్వాలేదు. మొదటి ఆరు నెలలు మాత్రం మనిషి పక్కన ఉండాలి.

హైదరాబాద్‌లో ఇకెబానా ఇంటర్నేషనల్ అనే సంస్థకు, ఒహారాకు స్థానిక విభాగాలు ఉన్నాయి. ప్రదర్శనలు పెట్టినప్పుడు వెళ్లి అక్కడి సభ్యులతో మాట్లాడితే క్లాసుల సంగతి తెలుస్తుంది. ఇకెబానా ఇంటర్నేషనల్ 1956లో టోక్యోలో మొదలైన సంస్థ. అది ఏ ఒక్క శాఖదీ కాదు, అన్ని శాఖల వాళ్లూ ఉంటారు. అమెరికాలో బే ఏరియా, సియాటిల్ వైపు ఉన్న మనవాళ్లకు ఇంకా సులువు, అక్కడ మూడు శాఖల గురువులూ దొరుకుతారు. విజయవాడ, వరంగల్, కర్నూలు లాంటి ఊళ్లలో ఉండి గురువు దొరక్కపోతే, చబానా తీరులో ఇంట్లో రోజుకో పువ్వు పెట్టుకుంటూ ఉండండి. తర్వాత గురువు దొరికినప్పుడు ఆ అలవాటు వృథా పోదు.

సొంతంగా మొదలుపెట్టేవాళ్లకు ఒక జాగ్రత్త. కెంజాన్ బరువుగా ఉండాలి. నేను మొదట చవకగా వచ్చిందని ఆన్‌లైన్‌లో తేలికపాటిది కొన్నాను. వాలిన గన్నేరు కొమ్మ గుచ్చగానే దిమ్మతో సహా బోర్లా పడి టేబుల్ అంతా నీళ్లయింది. సీసం అడుగు, ఇత్తడి ముళ్లు, 7 లేదా 8 సెంటీమీటర్ల గుండ్రటిది తీసుకోండి. కొమ్మను ఏటవాలుగా కోసి ముందు నిటారుగా గుచ్చాలి. తర్వాతే కావాల్సిన వైపుకు నెమ్మదిగా వంచాలి. నీళ్లు ముళ్లు మునిగేదాకా పోయాలి.

## ఎవరికి ఏది

ఉద్యోగం టెన్షన్ నుంచి వారానికి రెండు గంటలు బయటపడాలి, ఇంటికి ఏదో ఒక అందం తీసుకెళ్లాలి అనుకునేవాళ్లకు ఒహారా. బొమ్మలు వేసేవాళ్లు, డిజైన్ చదివినవాళ్లు, వస్తువులతో ఆడుకోవడం ఇష్టమైనవాళ్లు సోగెత్సుకు వెళ్లండి, కానీ మొదటి కొలతల పాఠాలు దాటవేయకండి. వీణ పాఠంలో సరళీ స్వరాలు విసుగు లేకుండా వాయించినవాళ్లకు, చదువులో పునాది కదిలితే నిద్ర పట్టనివాళ్లకు ఇకెనోబో. పెద్దవయసులో మొదలుపెడుతున్నవాళ్లు, ఇంట్లో పెరడు ఉన్నవాళ్లు, ఎవరికీ చూపించాలని లేనివాళ్లు చబానాతో సంతోషంగా ఉంటారు.

పిల్లల కోసం అడిగేవాళ్లకు సోగెత్సు లేదా ఒహారా. పదేళ్ల పిల్లకు హరాన్ ఆకులు ఇచ్చి కూర్చోబెట్టకండి.

రెండింటి మధ్య ఇంకా తేలకపోతే, దగ్గర్లో ఉన్న మంచి గురువు ఏ శాఖవారైతే ఆ శాఖలో చేరండి. ఒక శాఖలో నేర్చుకున్న కత్తెర పట్టు, నీళ్లలో కోయడం, కొమ్మ ముఖం గుర్తుపట్టడం ఇంకో శాఖలోనూ పనికొస్తాయి. మారినప్పుడు సర్టిఫికెట్ మెట్లు మాత్రం మళ్లీ మొదటి నుంచే. నేనూ అలాగే మొదలుపెట్టాను.

చేరే ముందు ఒక క్లాసు చూడనిమ్మని అడగండి. అక్కడ విద్యార్థుల పనిని గురువు సరిదిద్దేటప్పుడు ఎన్ని చేర్చారో, ఎన్ని తీశారో లెక్కపెట్టండి. ఫీజు, పూల ఖర్చు, సర్టిఫికెట్ రుసుము మూడూ విడివిడిగా రాయించుకోండి. కొమ్మలు క్లాసులో ఇస్తారా, మనమే తెచ్చుకోవాలా అని కూడా అడగండి. తెచ్చుకోమంటే ముందు రోజు సాయంత్రమే కోసి, బకెట్ నీళ్లలో మెడదాకా ముంచి రాత్రంతా ఉంచండి.